డెబ్బయ్యోవాడి గడువు

ఆ రోజుల్లో మా ఇంటికి ఎవరొచ్చి ప్రభువు పేరు చెప్పినా ముందు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చేదాన్ని. ఆ తడి ఆరకముందే గడువు చెప్పేదాన్ని. ఒక రోజు ఉండొచ్చు. మరీ అవసరమైతే రెండో రోజూ ఉండొచ్చు. మూడో రోజు కూడా కదలకుండా కూర్చున్నాడంటే వాడు అపొస్తలుడు కాదు, తేరగా తినడానికి వచ్చిన దొంగ. వెళ్ళేటప్పుడు తర్వాతి మజిలీ దాకా సరిపడా రొట్టె ఇస్తాం, అంతకుమించి ఏమీ ఇవ్వం. డబ్బు అడిగితే ఆ రొట్టె కూడా దక్కదు. ఈ నియమం నేను పుట్టించింది కాదు, మాలాంటి ఇళ్ళన్నిటికీ ఉన్నదే. కాకపోతే మిగతావాళ్ళు అటూ ఇటూ చూసి, నసిగి, నీళ్ళు నమిలి చెప్పేవారు. నేను మొహం మీదే చెప్పేదాన్ని.

ఆడదానికి అంత నోరేమిటని అనుకున్నవాళ్ళు అనుకున్నారు. మొహమాటానికి పోయి మొగుణ్ణి పోగొట్టుకున్నదాన్ని. ఇంకా మొహమాటంతో నాకేం పని?

మాది అద్దకం ఇల్లు. కింద పెరట్లో నాలుగు తొట్టెలు, రెండు ఎరుపువి, ఒకటి పసుపుది, ఒకటి నీలిది. మేడ మీద, రంగు వేసిన నూలు ఆరబెట్టుకునే పొడవాటి గది. మా వీధిలో అంత గది ఇంకెవరికీ లేదు కాబట్టి విశ్వాసులం వారానికోసారి అక్కడే చేరేవాళ్ళం. ముప్పై మంది దాకా ఉండేవాళ్ళం. పై అధికారులకు తెలిస్తే ముప్పై మందికీ మూడినట్టే. అద్దకం ఇంటికి జనం వచ్చిపోవడం మామూలే కనక ఎవరికీ అనుమానం రాలేదు. పైగా నీలి తొట్టి కంపు భరించలేక కాపలావాళ్ళు మా సందులోకి అడుగు పెట్టేవాళ్ళు కాదు.

అంతకు ముందు ఏడాది ఒకడొచ్చాడు. చూడ్డానికి బాగుంటాడు, మాటకారి. ప్రభువు పక్కనే కూర్చుని తిన్నట్టు, తుఫానులో పడవ అంచు పట్టుకుని ఉన్నట్టు, చచ్చినవాళ్ళు లేచి ఒళ్ళు విరుచుకుంటే తన చేత్తో నీళ్ళిచ్చినట్టు చెప్పేవాడు. మేమందరం నోళ్ళు వెళ్ళబెట్టుకుని వినేవాళ్ళం. మూడో రోజు మా సంఘానికి పెద్ద, చెప్పులు కుట్టే పెద్దయ్య, ఇక పంపించెయ్యమన్నాడు. నేనే అడ్డుపడ్డాను. "పాపం, ఈ ఒక్క రాత్రీ ఉండనీండి. ఆ తుఫాను సంగతి సగంలో ఉంది" అన్నాను. ఒక్క రాత్రి, ఒక్క రాత్రి అంటూ పంతొమ్మిది రాత్రులు ఉన్నాడు. వాడు వెళ్ళిన వారానికి బంట్లు తొమ్మిది పేర్లు రాసుకుని వచ్చారు. మొదటి పేరు నా మొగుడిది. సున్నపు గనుల్లో వేశారు. రెండు నెలలు బతికాడట. శవం కూడా ఇవ్వలేదు. మా అత్త తన కొడుకును నేను చంపానని ఒక్కసారైనా అనలేదు. అని ఉంటే నాకు కాస్త తెరిపిగా ఉండేది.

అందుకే గడువు విషయంలో నేను కచ్చితంగా ఉండేదాన్ని.

ఆ మరుసటి ఏడాది చలికాలంలో ఒక ముసలాయన వచ్చాడు. పొద్దు అప్పుడే కుంకింది. నేను తాళ్ళ మీంచి నూలు చిలపలు తీసి భుజాన వేసుకుంటున్నాను. పెరటి తలుపు దగ్గర ఎవరో దగ్గారు. చూస్తే బక్కగా, వంగిపోయిన మనిషి. కాళ్ళకు చెప్పుల్లేవు. పాదాలు పగిలి, ఆ పగుళ్ళలో మట్టి గట్టిపడిపోయి ఉంది.

"శాంతి తల్లీ. నన్ను పంపారు" అన్నాడు.

"ఒక్కరే వచ్చారేం? పంపేది ఇద్దరిద్దరిని కదా. మీ జంట ఏడీ?" అన్నాను చిలపలు దించకుండానే.

"రేవు దగ్గర పూడ్చిపెట్టి వస్తున్నాను. ఎనిమిది రోజులైంది."

అలాంటి మాట ఎవరైనా చెప్పొచ్చు. నేను కరగలేదు. "ఎవరు మీరు? పన్నెండుమందిలో ఒకరా?"

"అబ్బెబ్బే, కాదు. ఆ తర్వాత డెబ్బై మందిని పంపారే, వాళ్ళలో ఒకణ్ణి."

గుమ్మంలో కూర్చుని నూలు చిక్కు తీస్తున్న మా అత్త ఆ మాట విని ఊరుకోలేదు. "డెబ్బై మందా? పన్నెండుమంది పేర్లే ఎవరికీ సరిగ్గా గుర్తుండి చావవు. డెబ్బై మందిలో ఒకణ్ణంటే ఎవడు కాదనగలడు? బాగానే ఎంచుకున్నావయ్యా. ఇంతకీ నువ్వు ఎన్నోవాడివి?"

"చివరివాణ్ణే అయ్యుంటాను. జంట కుదరక ఒకడు మిగిలిపోతే, పొలం గట్టు మీద నిలబడ్డ నన్ను పిలిచారు" అన్నాడు. నవ్వబోయాడు గానీ దగ్గు అడ్డొచ్చింది. అప్పట్నుంచి మా అత్త ఆయన్ని డెబ్బయ్యోవాడు అనే పిలిచింది. మేమూ అదే అలవాటు చేసుకున్నాం.

నీళ్ళిచ్చాను. గడువు చెప్పాను. "రెండు రోజులు. ఆ పైన ఒక్క పూట ఉన్నా నేనే చెయ్యి పట్టుకుని వీధిలో నిలబెడతాను. ముసలివాళ్ళని, జబ్బువాళ్ళని చూడను" అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ రాత్రే పెద్దయ్య వచ్చి ఎప్పుడొచ్చాడని అడిగాడు. "పొద్దుకుంకాక, చిలపలు తీస్తుంటే" అన్నాను. ఆయన వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. నేనూ మనసులో లెక్క పెట్టుకున్నాను. ఇద్దరం ఒకే లెక్క పెట్టామనుకున్నాను.

మర్నాడు సాయంత్రం మేడ మీద అందరూ చేరారు. కొత్త అపొస్తలుడు వచ్చాడంటే జనానికి ఆశ ఎక్కువ. తాళ్ళకు వేలాడుతున్న ఎర్ర నూలు పక్కకు జరిపి ఇరుక్కుని కూర్చున్నారు. నేసేవాళ్ళావిడ మొదట అడిగింది. "అయ్యా, మీరు ప్రభువును చూశారా?"

"చూశానమ్మా. ఎక్కువగా దూరం నుంచే. ముందు మనుషులుండేవాళ్ళు, వాళ్ళ తలకాయలు అడ్డొచ్చేవి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దయ్య నవ్వలేదు. "మీతో ఏమైనా చెప్పారా?" అని అడిగాడు.

"అందరికీ కలిపి చెప్పారు. సంచీ వద్దన్నారు, చెప్పులు వద్దన్నారు. నాకప్పటికే కాళ్ళు పగిలి ఉన్నాయి, అందుకని చెప్పుల సంగతి బాగా గుర్తుంది."

"మీ చేతుల మీదుగా ఎవరికైనా నయమైందా?"

"నా జంట చెయ్యి పెడితే ఒక గుడ్డామెకు కాస్త వెలుతురు తెలిసిందని చెప్పింది. నేను ఒక పిల్లాడి మీద చెయ్యి పెట్టాను. తెల్లారేసరికి పోయాడు. వాళ్ళమ్మ నన్నేమీ అనలేదు. ఆ ఇంట్లో వారం రోజులు నీళ్ళు మోసి వచ్చేశాను."

గదిలో గాలి తీసేసినట్టయింది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ప్రభువును పట్టుకున్న రాత్రి ఎక్కడున్నారని నేసేవాళ్ళావిడ ఆఖరి ఆశగా అడిగితే, ఇంట్లో ఉన్నానన్నాడు. పొలం పనికి వెళ్ళిపోయాట్ట, నాలుగు రోజుల తర్వాత తెలిసిందట. "పారిపోవడానికైనా అక్కడ ఉండాలి కదమ్మా. మాలో చాలామందిమి అక్కడ లేనే లేం" అన్నాడు. ఆ పైన ఎవరూ ఏమీ అడగలేదు. మెట్లు దిగుతూ పెద్దయ్య నా చెవిలో "ఒక్క ముక్కా లేదు ఈయన దగ్గర. జాగ్రత్త" అన్నాడు.

నాకు మాత్రం సరిగ్గా అక్కడే గుచ్చుకుంది. పోయినేడు వచ్చినవాడి దగ్గర అన్నీ ఉన్నాయి. అడగడం ఆలస్యం, అద్భుతం తీసి చేతిలో పెట్టేవాడు. అబద్ధం చెప్పేవాడు తనని తాను ఇంత తక్కువ చేసి చెప్పుకుంటాడా? చచ్చిపోయిన పిల్లాడి సంగతి కల్పించి చెప్పుకునే దొంగ ఎక్కడైనా ఉంటాడా? నమ్మకూడదు, నమ్మకూడదు అనుకుంటూనే నమ్మేశాను. అది నాకు నచ్చలేదు. రాత్రి ఎవరి మీదో తెలియని కోపంతో పడుకున్నాను.

రెండో రోజు పొద్దుటికి ఆయనకు జ్వరం కాలిపోతోంది. పడుకోమంటే పడుకోడు. ఊరికే తినకూడదని కట్టె పట్టుకుని నీలి తొట్టి కలపడానికి కూర్చున్నాడు. నీలి తొట్టి చల్లారకూడదు, చల్లారిందా ఇక ఆ రంగు పనికి రాదు. అందుకని దాని చుట్టూ బూడిదలో నిప్పులు కప్పి ఉంచుతాం. ఆ వెచ్చదనం ఆయనకు మంచిదేలే అని ఊరుకున్నాను. నేను చిలప ముంచి పైకి తీశాను. తొట్టిలోంచి తీసినప్పుడు నూలు ఆకుపచ్చగా ఉంటుంది, గాలి తగిలాక చూస్తుండగానే నీలమవుతుంది. ఆయన కలపడం ఆపి అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఇదేదో మీ మేడ మీదవాళ్ళకి చెప్పుంటే సరిపోయేది. నా చేత్తో చేశానని" అన్నాడు.

"గాలికి అవుతుందది. ఈ వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు."

"నా అదృష్టం అలాంటిదే తల్లీ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఏడాది తర్వాత ఆ పెరట్లో నేను నవ్వడం అదే మొదలు. ఆ తర్వాత నోరు ఆగలేదు. పోయినేడు వచ్చినవాడి సంగతి, పంతొమ్మిది రాత్రులు, నా మొగుడు, సున్నపు గనులు, మొత్తం చెప్పేశాను. నేనే ఉండనిచ్చానని కూడా చెప్పాను. ఆయన ఓదార్చలేదు. కట్టె తిప్పుతూ విన్నాడు.

"మరి మీరెందుకు తిరుగుతున్నారు, ఈ వయసులో, ఈ ఒంటితో? మీ పేరు కూడా ఎవరికీ తెలియదు. ఇంటికి పోయి కూర్చోవచ్చు కదా" అన్నాను చివరికి, కాస్త కటువుగానే.

"పంపారు కదమ్మా. ఇక చాలు అన్నట్టు నాకు వినబడలేదు. వినబడితే ఆగిపోదును" అన్నాడు.

తర్వాతి మజిలీ కొండ అవతల, కుండలు చేసేవాళ్ళ ఇల్లు. అక్కడ జబ్బువాళ్ళను ఉంచుకుని చూసుకుంటారు, వాళ్ళకు గడువు లేదు. కానీ కాలినడకన ఒక రోజు దారి, అందులో సగం ఎక్కుడు. ఆ మనిషి మా వీధి మలుపు దాటడమే కష్టం. వచ్చిన రాత్రి నా లెక్కలోకే రాదు, కాబట్టి ఆయనకు ఇంకా ఆ పగలూ, ఆ రాత్రీ ఉన్నాయి. తెల్లారాకే మూడో రోజు. నాకు తమ్ముడొకడున్నాడు, బండి తోలుతాడు, కొండ అవతలికి ఉన్ని చేరవేస్తుంటాడు. తెల్లారకముందే వాడి బండి పెరటి తలుపు దగ్గర ఉంటే, ఉన్ని మూటల మధ్య ఈయన్ని పడుకోబెట్టి, రాత్రి మూసిన ఊరి కోట తలుపులు తియ్యగానే పంపించెయ్యొచ్చు. గడువూ దాటదు, మనిషీ బతుకుతాడు.

చిక్కేమిటంటే బండి ఇవ్వడం కూడా నియమం తప్పడమే. రొట్టె తప్ప ఏమీ ఇవ్వకూడదు. ఏడాదిగా అందరి మీదా ఒంటికాలి మీద లేచినదాన్ని, ఇప్పుడు నేనే నియమం తప్పుతున్నానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకని ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు ఒప్పుకుంటాడో లేదో అని ఆయనకూ చెప్పలేదు. "పటిక తేవాలి, ఆలస్యమవుతుంది" అని అత్తతో అని, మధ్యాహ్నం బయల్దేరాను.

తమ్ముడు సరుకు దింపడానికి వెళ్ళి ఊరికి అటు చివర ఉన్నాడు. వాడి కోసం కొట్టం దగ్గర నిలబడీ నిలబడీ కాళ్ళు పీక్కుపోయాయి. వచ్చాక అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

"అక్కా, నీకేమైనా పిచ్చా? బావను మింగింది చాలలేదా? దారిలో మూటలు విప్పమంటే నేనేం చెప్పను?"

"మా మామ అని చెప్పు. జబ్బు మనిషని చెప్పు. చూస్తే తెలుస్తూనే ఉంటుంది."

"నాకూ పెళ్ళాం పిల్లలున్నారే."

"ఉన్నారు. నాకున్న ఒక్కడూ పోయాడు. అందుకే నిన్ను అడుగుతున్నాను" అన్నాను. అలా అనడం న్యాయం కాదని నాకు తెలుసు. వాడు తల దించుకుని ఎద్దులకు గడ్డి వేశాడు. చివరికి, "కోడి కూసే వేళకి వస్తాను. గట్టిగా మాట్లాడకుండా ఉండు" అన్నాడు.

నేను ఇల్లు చేరేసరికి వీధిలో దీపాలు పెట్టారు. సన్నగా వాన మొదలైంది. నీలి తొట్టి దగ్గర కట్టె గోడకు ఆనించి ఉంది. తొట్టి మీద మూత సరిగ్గా కప్పి ఉంది. మనిషి లేడు.

"పడుకున్నాడా?" అని అడిగాను.

అత్త తల ఎత్తలేదు. "వెళ్ళిపోయాడు. పొద్దుకుంకుతుంటే పెద్దయ్య వచ్చాడు. రెండో రోజు అయిపోయింది కదా అన్నాడు. వెళ్ళమని అనలేదే. ఊరికే అన్నాడు, అంతే. ఆయన కూడా అవును, అయిపోయింది అని లేచాడు."

"ఇంకా రాత్రి ఉంది కదా అత్తయ్యా. తెల్లారితే కదా మూడో రోజు."

"అదే నేనూ అన్నాను. వాళ్ళిద్దరిదీ ఒకటే లెక్కట. పొద్దుకుంకితే కొత్త రోజట."

అప్పుడు నాకు అర్థమైంది. పెద్దయ్య పుట్టి పెరిగిన మతంలో రోజు సాయంత్రంతో మొదలవుతుంది, రాత్రి రాబోయే పగటిది. ఈ ముసలాయనా ఆ మనుషుల్లోవాడే. మా అద్దకంవాళ్ళకు రంగు చూడటానికి వెలుతురు కావాలి, మాకు రోజంటే తెల్లారడమే, రాత్రి వెళ్ళిన పగటిది. ఇన్నాళ్ళుగా ఒకే గదిలో ఒకే ప్రార్థన చేస్తున్నాం, ఒకే నియమం వల్లిస్తున్నాం. రోజు ఎప్పుడు మొదలవుతుందో ఒకళ్ళనొకళ్ళం అడగలేదు.

"నువ్వు ఆపలేదా?" అన్నాను. అడగకూడదని తెలుసు, అయినా అడిగాను.

"ఆపాను. కోడలు వచ్చేదాకా ఉండవయ్యా అన్నాను. 'ఆ దొంగ కూడా ఇంకో రాత్రి ఇంకో రాత్రి అనే ఉన్నాట్ట. ఆ పిల్ల ఇంట్లో నేను మళ్ళీ ఆ మాట అనను' అన్నాడు. రొట్టె ఇచ్చాను, తీసుకున్నాడు. నువ్వు పటిక కోసం వెళ్ళావనుకున్నానే. నీ మనసులో ఇంకేదో ఉందని నాకేం తెలుసు?"

తడికొంగుతోనే కోట గుమ్మం దాకా పరిగెత్తాను. తలుపులు వేసేశారు. కాపలావాడి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. మా మామ బయట ఉండిపోయాడని, జబ్బు మనిషని ఏడ్చాను. పొద్దున్నే రమ్మన్నాడు. మళ్ళీ అడిగితే ఈటె అడ్డం పెట్టాడు. ఇంటికి వచ్చి తొట్టి దగ్గర కూర్చున్నాను.

తెల్లారకముందే తమ్ముడు బండి తెచ్చాడు. కోట తలుపులు తీస్తుంటే నిన్నటి కాపలావాడే నన్ను గుర్తుపట్టాడు. "నిన్న ఏడ్చింది నువ్వే కదూ. నువ్వు వెళ్ళిన చాలాసేపటికి ఒక ముసలాడు బయట్నుంచి తలుపు బాదాడు. అద్దకం ఆవిడ ఇంటికి పోవాలి, ఈ ఒక్క రాత్రికే అన్నాడు. నువ్వేమో నిన్న మా మామ అన్నావు. వాడేనా?"

నేను తలుపు సందులోంచి బయటికి చూశాను.

"చాలాసేపు బాదాడు. తర్వాత మానేశాడు. రాత్రిపూట తలుపు తీస్తే నా మెడ మీద తల ఉండదమ్మా" అన్నాడు. వాడు చెడ్డవాడేమీ కాదు.

ఆయన తలుపుకు ఎంతో దూరంలో లేడు. బయటి గోడ మూలలో, వాన పడని చోటు చూసుకుని, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని ఉన్నాడు. రొట్టె గుడ్డలో చుట్టింది చుట్టినట్టే ఉంది. కుడి చేతి వేళ్ళ కణుపులు చెక్కుకుపోయి, నెత్తురు గడ్డకట్టి ఉంది. నేనూ తమ్ముడూ కలిసి ఎత్తి ఉన్ని మూటల మధ్య పడుకోబెట్టాం. నేను సిద్ధం చేసుకున్న చోటులోనే. బరువే లేడు. బండి వెనక్కి తిప్పాం.

పెద్దయ్య వచ్చి శవాన్ని చూసి కూలబడిపోయాడు. ఆయనా రాత్రంతా నిద్రపోలేదని మొహం చూస్తే తెలుస్తోంది. ఏడుస్తూనే, "నిజమైనవాడే తల్లీ. గడువు దాటలేదు. ప్రాణం పోతున్నా దాటలేదు. నేనే అనుమానపడ్డాను" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు లాగి కాపలావాడు చెప్పింది చెప్పాను. "తిరిగొచ్చాడు. తలుపు బాదాడు. నా ఇల్లు అడిగాడు. మూడో రోజున, మీ లెక్కలో. ఇప్పుడు చెప్పండి, నిజమైనవాడా, దొంగా?"

పెద్దయ్య శవం చేతిని చూశాడు, ఆ చేతిని గుడ్డతో కప్పాడు. "ఈ మాట పైకి వస్తే మనవాళ్ళ సమాధుల్లో చోటివ్వరు" అన్నాడు మెల్లిగా.

"మీరు చెప్పండి, ఇస్తారు."

"నేను చెబితే నువ్వొక్కదానివే వింటావు. మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ పోయినేడు మనుషుల్ని పోగొట్టుకున్నారు. నియమం తప్పినవాణ్ణి వాళ్ళ బిడ్డల పక్కన పెట్టనిస్తారా? ఊరి బయట కుక్కల పాలు చెయ్యమంటావా?"

నేను నోరు కట్టేసుకున్నాను. భయపడి కాదు. మా గడప తొక్కిన పాపానికి ఆయనకు కనీసం పడుకోవడానికి ఒక చోటైనా ఉండాలనిపించింది. నా మొగుడి కోసం రాతిలో తొలిపించి, శవం రాక ఖాళీగా ఉండిపోయిన గూడు ఒకటుంది. అందులో పెట్టాం.

ఆ తర్వాత పెద్దయ్య మిగతా ఊళ్ళ సంఘాలకు ఉత్తరం రాశాడు. పంపేముందు మా మేడ మీదే చదివి వినిపించాడు. డెబ్బై మందిలో ఒకరు మా దగ్గరికి వచ్చారని, జ్వరంతో కాలిపోతూ కూడా గడువు మీరలేదని, ప్రార్థన చేసుకుంటూ చీకట్లోకి నడిచి వెళ్ళారని, వెనక్కి తిరిగి చూడలేదని రాశాడు. మొన్న మొహం మాడ్చుకున్న నేసేవాళ్ళావిడ ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరో ఆయన మొహం వెలిగిపోవడం చూశామన్నారు. పేరు ఏం రాయాలని పెద్దయ్య అడిగాడు. ఎవరూ అడిగి తెలుసుకోలేదు. నేను లేచి కిందికి వెళ్ళి తొట్టి కలుపుకున్నాను. ఆ ఉత్తరం పదకొండు ఊళ్ళు తిరిగిందని తర్వాత విన్నాను.

చలి వెళ్ళి ఎండలు ముదిరాక ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి, ఒంటరిగానే. రేవు ఊరి సంఘం పంపిందని చెప్పింది. ఎడమ కాలికి పుండు, మడమ నుంచి పిక్క దాకా వాచి చీము పట్టి ఉంది. నీళ్ళిచ్చాను. గడువు సంగతి ఎత్తలేదు, ఎత్తబుద్ధి కాలేదు. ఆమే ఎత్తింది, "తెలుసమ్మా, రెండు రోజులే" అంది. రెండో రోజు సాయంత్రం మేడ మీద అందరూ కూర్చుని ఉండగా, పొద్దు కిటికీ దిగుతుంటే, ఆవిడ సంచీ భుజాన వేసుకుని గోడ పట్టుకుని లేచింది. కాలు కింద పెట్టగానే మొహంలో నెత్తురు లేదు.

"ఎక్కడికి?" అన్నాను.

"వెళ్ళొస్తానమ్మా. ఆ పెద్దాయన వెళ్ళింది మీ ఇంటి నుంచే కదా. మా ఊళ్ళో ఆ ఉత్తరం చదివినప్పుడు అందరం ఏడ్చాం. అంత జ్వరంలో ఆయన వెనక్కి చూడకుండా వెళ్ళగలిగితే, నేను ఈ కాలి నొప్పికి ఆగిపోతానా?"

జనం మెచ్చుకోలుగా చూశారు. పెద్దయ్య మాత్రం నా వైపు చూశాడు. వద్దన్నట్టు తల కొంచెం ఊపాడు. ఆయనకు ఆ గూడు గుర్తొచ్చి ఉంటుంది. నాకూ గుర్తొచ్చింది. ఆయన్ని గూట్లోంచి తీసి బయట పారేస్తామంటారు, అంటే అననీ అనుకున్నాను. పోయినవాడికి రాతి గూడు ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. "ఆయన తిరిగొచ్చాడమ్మా" అన్నాను. అందరికీ వినబడాలనే గట్టిగా అన్నాను. "అరకోసు కూడా పోలేదు. చలికి, భయానికి తిరిగొచ్చి, వేళ్ళు చెక్కుకుపోయేదాకా కోట తలుపు బాదాడు. నా ఇంటికి పోనిమ్మని, ఒక్క రాత్రికని అడిగాడు. ఎవరూ తియ్యలేదు, అందుకని చచ్చిపోయాడు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయన గురించి మేం చెప్పాం అబద్ధం. నువ్వు కూర్చో."

ఒకరిద్దరు లేచి మెట్లు దిగి వెళ్ళిపోయారు. నేసేవాళ్ళావిడ పెద్దయ్యను నిజమేనా అని అడిగింది. ఆయన నిజమేనన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన్ని నేను సగం క్షమించాను. మిగతా సగం ఇద్దరం పంచుకోవాలి.

ఆవిడ సంచీ దించి కూర్చుంది. మా ఇంట్లో పదకొండు రోజులు ఉంది. నిజంగా సంఘం పంపితే వచ్చిందో, ఎక్కడైనా మా పేర్లు రాయించడానికి వచ్చిందో నాకు తెలియదు. ఆ పదకొండు రోజులూ పుండు కడుగుతున్నప్పుడల్లా ఆమె కళ్ళలోకి చూసి పోల్చుకోవాలని చూశాను, ఏమీ తెలియలేదు. సందులో అడుగుల చప్పుడైతే అత్తా నేనూ చేస్తున్న పని ఆపేసేవాళ్ళం. పన్నెండో రోజు పొద్దున పుండు మాని, ఆవిడ తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ కోట గుమ్మం దాటి వెళ్ళింది.